తలంటులో రసాయనశాస్త్రం

కుంకుడుకాయలకు మళ్ళీ మంచిరోజులొచ్చాయి. ఒకప్పుడు పెరట్లో రాలితే చీపురుతో ఊడ్చి చెట్టు మొదట్లోకి తోసేసినవే ఇప్పుడు సూపర్ మార్కెట్లో ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. గింజ తీసినవి వేరే ధర, పొడి కొట్టినవి వేరే ధర. ఫోను తెరిస్తే జుట్టు చిట్కాలకు కొదవ లేదు. ఉల్లిరసం, మెంతిపిండి, మందారాకు ముద్ద, కరివేపాకు నూనె, బియ్యం కడిగిన నీళ్ళు... దేనికైనా హామీ ఒక్కటే: నెల తిరిగేసరికి ఒత్తైన జుట్టు. ఈ గుంపులో కుంకుడుకాయను కూడా కలిపేయడం నాకు రుచించదు. మిగతావాటి సంగతి ఎలా ఉన్నా కుంకుడుకాయ చేసే పని ఏమిటో మన కళ్ళముందే కనబడుతుంది, ఎందుకు చేస్తుందో రసాయనశాస్త్రం వివరంగా చెబుతుంది. అది చేయలేని పనులేమిటో కూడా అంతే తేటగా చెబుతుంది. ఆ రెండో మాట వినేవాళ్ళే తక్కువ.

మన వైపు పెరిగే కుంకుడు చెట్టు శాస్త్రీయ నామం సపిండస్ ట్రైఫోలియేటస్. ఉత్తరాదిన రీఠా పేరుతో అమ్మేది హిమాలయాల దిగువ ప్రాంతంలో పెరిగే దాని దాయాది, సపిండస్ ముకరోసి. తినే లిచీ పండు కూడా ఈ కుటుంబంలోదే. మన్యం గిరిజనులు అడవి నుంచి ఏరి తెచ్చే సరుకుల్లో కుంకుడుకాయలు ఒకటి. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి నడుస్తున్న గిరిజన సహకార సంస్థ వాటిని కొంటుంది.

ఎండిన కాయను రాతిమీద పెట్టి చితక్కొడితే లోపల నల్లగా నున్నటి గింజ ఉంటుంది. దానితో మనకు పనిలేదు. పనికొచ్చేదంతా తేనె రంగులో జిగటగా వేలికి అంటుకునే తొక్కలోనే ఉంది. దాన్ని వేడినీళ్ళలో నానేసి పిసికితే మొదట నీళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, తరువాత వేళ్ళ సందుల్లోంచి తెల్లటి నురగ పొంగుతుంది. ఆ నురగకు కారణం సపోనిన్లు అనే పదార్థాలు. సపోనిన్ అణువుకు రెండు భాగాలు. ఒకటి ముప్పై కార్బన్ పరమాణువులతో అల్లుకున్న గట్టి చట్రం. దానికి నీళ్ళంటే గిట్టదు, నూనె జిడ్డంటే ఇష్టం. కుంకుడులో ఈ చట్రం పేరు హెడెరాజెనిన్. దానికి తోకలా అతుక్కున్న చక్కెర అణువుల గొలుసు రెండో భాగం. అది నీళ్ళలో హాయిగా కరుగుతుంది. తలమీద నూనె, చెమట, దుమ్ము కలిసి పేరుకున్న జిడ్డులోకి ఈ అణువులు చట్రం వైపు నుంచి దూరుతాయి. చక్కెర తోకలు బయటికి, నీళ్ళ వైపు ఉండిపోతాయి. అలా జిడ్డు చిన్న చిన్న ఉండలుగా విడిపోయి, తరువాత పోసే చెంబుడు నీళ్ళతో కొట్టుకుపోతుంది. షాంపూ సీసాలో ఉండే సోడియం లారెత్ సల్ఫేట్ చేసేదీ సూత్రప్రాయంగా ఇదే పని. ఒకటి చెట్టు తయారుచేసింది, ఇంకొకటి ఫ్యాక్టరీ. అంతే తేడా.

చెట్టు ఇదంతా మన తలంటు కోసం చేసిపెట్టలేదు. బూజుల నుంచి, పురుగుల నుంచి కాయను కాపాడుకోవడానికి చేసుకుంది. సపోనిన్లు జీవకణాల పైపొరలోని కొలెస్ట్రాల్‌ను పట్టుకుని ఆ పొరకు తూట్లు పొడవగలవు. గాజు నాళికలో రక్తం తీసుకుని సపోనిన్ కలిపితే ఎర్రకణాలు పగిలిపోతాయి. సపోనిన్లున్న మొక్కలను నలిపి నీళ్ళలో కలిపి చేపలు పట్టే అలవాటు ప్రపంచంలో చాలాచోట్ల ఉంది; మొప్పలు దెబ్బతిని చేపలు పైకి తేలతాయి. పండగపూట తెల్లవారుజామున పీటమీద కూర్చుని, కుంకుడు రసం కంట్లో పడి కేకలు పెట్టిన ప్రతి తెలుగు పిల్లకీ పిల్లాడికీ ఈ గుణం అనుభవమే. కొన్ని ఇళ్ళల్లో నోట్లో ఉప్పురాయి పెట్టేవాళ్ళు, మంట తగ్గుతుందని. ఉప్పుకూ కంటిమంటకూ సంబంధం ఏమీ లేదు, ఏడ్చే నోరు మూతపడుతుంది కాబట్టి పెద్దవాళ్ళకు మాత్రం ఉపశమనం. కంట్లో పడితే చేయవలసింది ఒకటే: ధారగా మంచినీళ్ళతో కడగడం.

ఇక అసలు సంగతి. ఒంటి సబ్బుతో తల రుద్దుకోవద్దని పెద్దవాళ్ళు ఎందుకు గోల పెట్టారు? పసుపు ఈ ప్రశ్నకు జవాబిస్తుంది. తెల్లగుడ్డ ముక్కకు తడి పసుపు పట్టించి ఆరబెట్టండి. ఒకచోట తడి సబ్బు రుద్దండి, పక్కన రెండు చుక్కలు కుంకుడు రసం వేయండి. సబ్బు తగిలినచోట పసుపు ఎర్రబడుతుంది. కుంకుడు పడినచోట పసుపు పసుపుగానే ఉంటుంది. పసుపూ సున్నమూ కలిపి పారాణి చేసేటప్పుడు జరిగేది కూడా ఇదే. క్షారం తగిలితే పసుపులోని కుర్కుమిన్ రంగు మారుస్తుంది. సబ్బు నీటి పీహెచ్ తొమ్మిదికీ పదికీ మధ్య ఉంటుంది, అంటే బాగా క్షారం. కుంకుడు రసం కొద్దిగా ఆమ్లగుణం కలది.

ఈ తేడా వెంట్రుకకు పెద్ద తేడా. వెంట్రుక పైపొరను క్యూటికల్ అంటారు. పెంకుటింటి కప్పుమీద పెంకుల్లాగా ఒకదానిమీద ఒకటి వాలి ఉండే పలుచటి పొలుసులు అవి. వాటిమీద ఒక కొవ్వు ఆమ్లం పూతలా అంటిపెట్టుకుని ఉంటుంది. జుట్టు నున్నగా జారడానికి, నీళ్ళు వెంటనే పీల్చుకోకపోవడానికి ఆ పూతే కారణం. క్షారం తగిలితే పెంకులు పైకి లేస్తాయి, పూత క్రమంగా ఊడిపోతుంది. వెంట్రుక తన మీద విద్యుదావేశం ఏమీ లేకుండా నిలకడగా ఉండేది పీహెచ్ 3.67 దగ్గర. మాడు చర్మం పీహెచ్ 5.5 దాకా ఉంటుంది. ఆ 3.67 కన్నా ఎంత పైకి పోతే వెంట్రుకల మీద అంత రుణావేశం పెరిగి, ఒకదాన్నొకటి తోసుకుంటాయి, రాసుకుంటాయి, చిక్కుపడతాయి. సబ్బుతో తలంటుకున్న రోజున దువ్వెన దిగకపోవడానికి ఇది ఒక కారణం.

రెండో కారణం నీళ్ళు. మన బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు వాటితో కలిసి కరగని తెట్టుగా మారుతుంది. బకెట్టు అంచున తెల్లగా పట్టేది అదే, జుట్టుకు పట్టి బిరుసు చేసేదీ అదే. సపోనిన్లకు ఈ బెడద లేదు. ఉప్పునీళ్ళలోనూ తెట్టు కట్టవు. పట్టుచీరలను కుంకుడు నీళ్ళలో జాడించే ఆనవాయితీ వెనుక ఉన్నదీ ఇదే తర్కం. పట్టు ప్రోటీనే, వెంట్రుక కూడా ప్రోటీనే. క్షారం రెండింటికీ పడదు. చీరెకూ జడకూ ఒకే కాయ వాడిన ఆడవాళ్ళకు పీహెచ్ అనే మాట తెలియకపోవచ్చు. ఏది ఉతికితే పట్టు మెరుపు తగ్గిందో, ఏది ఉతికితే తగ్గలేదో మాత్రం కచ్చితంగా తెలుసు.

అయితే ఇక్కడ ఒక సంగతి మరిచిపోకూడదు. మన అవ్వలు కుంకుడుకాయను పోల్చి చూసింది సబ్బుతో. మనం పోల్చవలసింది షాంపూతో. కృత్రిమ డిటర్జెంటుతో చేసిన షాంపూ అమెరికా మార్కెట్లోకి 1934లో 'డ్రీన్' పేరుతో వచ్చింది. దానికి ముందు అక్కడివాళ్ళు కూడా సబ్బుతోనే తిప్పలు పడ్డారు. ఇప్పటి షాంపూలు సబ్బులు కావు. చాలావాటి పీహెచ్ ఏడు లోపే ఉంటుంది, ఉప్పునీళ్ళలో తెట్టు కట్టవు, జుట్టు మెత్తబడే పదార్థాలు కూడా వాటిలో కలుపుతారు. పైన చెప్పిన పసుపు పరీక్షలో అలాంటి షాంపూ కూడా నెగ్గుతుంది. కాబట్టి సబ్బు ముందు కుంకుడుకాయ గెలుపు ఘనమైనది, మంచి షాంపూ ముందు అంత ఘనమేమీ కాదు. పీహెచ్ సంగతి తెలిశాక "షాంపూ అంతా విషం" అనే ప్రచారం నాకు వినబుద్ధి కాదు. అలాగే 'కుంకుడు, శీకాయ గుణాలతో' అని సీసామీద రాసి ఉన్న సరుకును వెనక్కి తిప్పి చదివితే నురగ ఎక్కడి నుంచి వస్తోందో తెలిసిపోతుంది. చాలాసార్లు అది లారెత్ సల్ఫేటే.

కుంకుడుకు ముందు నూనె పెట్టడంలో మాత్రం మనవాళ్ళ లెక్క భేషుగ్గా ఉంది. తడిసిన వెంట్రుక ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఇలా పదేపదే జరిగితే లోపలి ప్రోటీను కొద్దికొద్దిగా పోతూ ఉంటుంది. 2003లో అచ్చయిన ఒక అధ్యయనంలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ వెంట్రుకల మీద పరీక్షించి చూశారు. ప్రోటీను నష్టాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని అణువులు చిన్నవి, వంపులు లేనివి కాబట్టి పొలుసుల సందుల్లోంచి లోపలికి చొరబడతాయి. మిగతా రెండూ పైపైనే ఉండిపోతాయి. పరిశోధకులు కొబ్బరినూనె అమ్మే కంపెనీకి చెందినవాళ్ళన్న సంగతి కూడా పాఠకులు గుర్తుంచుకోవాలి. అయినా కారణం సబబుగానే ఉంది. గంట ముందు నూనె పెట్టి, ఆ తరువాత కుంకుడుతో రుద్దితే పైజిడ్డు పోతుంది, లోపలికి ఇంకింది కొంత మిగులుతుంది.

చుండ్రు ఉన్నవాళ్ళకు ఈ సలహా వర్తించదు. "మాడు పొడిబారి చుండ్రు వచ్చింది, నూనె దట్టించు" అనే మాట ఇంటింటా వినబడుతుంది. జరిగేది వేరు. మాడుమీద మలసీజియా అనే ఈస్టు అందరికీ ఉంటుంది. అది తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను సొంతంగా చేసుకోలేదు, మన జిడ్డు మీద బతుకుతుంది. జిడ్డును విడగొట్టి కొన్ని ఆమ్లాలు తిని, ఓలియిక్ ఆమ్లాన్ని వదిలేస్తుంది. అది పడనివాళ్ళ చర్మం చిటచిటలాడి పొట్టుగా రాలుతుంది. ఓలియిక్ ఆమ్లమే ప్రధానంగా ఉండే ఆలివ్ నూనె మర్దనా చుండ్రుకు ఎంత మేలు చేస్తుందో మీరే ఊహించుకోండి. కుంకుడు సపోనిన్లు ప్రయోగశాలలో కొన్ని రకాల శిలీంధ్రాలను అణచిన మాట నిజమే కానీ, తలమీద అవి ముఖ్యంగా చేసే మేలు ఈస్టుకు మేత అయిన జిడ్డును తీసేయడం. తేలికపాటి చుండ్రుకు అది చాలవచ్చు. మొండి చుండ్రుకు కీటోకోనజోల్ షాంపూ ఉంది. నురగను మూడు నుంచి ఐదు నిమిషాలు మాడుమీద ఉంచి కడగాలి, వారానికి రెండుసార్లు, కొన్ని వారాలపాటు. పెట్టిన వెంటనే కడిగేసి "పనిచేయలేదు" అనేవాళ్ళే ఎక్కువ. నిమ్మరసం సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను: దాని పుల్లదనం మాడుకు మరీ ఎక్కువ, రాసుకుని ఎండలోకి వెళితే చర్మం బొబ్బలెక్కి నల్లబడే ప్రమాదం కూడా ఉంది.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న: జుట్టు పెరుగుతుందా?

కుంకుడుతో పెరగదు. మనం దువ్వుకునే వెంట్రుకలో ప్రాణం లేదు. ప్రాణమున్నది చర్మం లోపల, కుదురులో. తలమీద సుమారు లక్ష కుదుళ్ళు ఉంటాయి, అవన్నీ తల్లి కడుపులోనే ఏర్పడతాయి. పుట్టువెంట్రుకలు తీయిస్తే, తిరుమలలో గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందనేది నమ్మకమే. కత్తి తగిలేది చర్మం పైన, కుదురు లోపల ఉంది. కొత్తగా వచ్చే వెంట్రుక చివర మొండిగా ఉండటంతో లావుగా అనిపిస్తుంది, అంతే. ప్రతి వెంట్రుకా రెండు నుంచి ఏడేళ్ళు పెరుగుతుంది, నెలకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున. తరువాత రెండు మూడు వారాల్లో ముడుచుకుని, మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే. వారానికొకసారి తలంటుకునేవాళ్ళకు అంతకుముందే ఊడి జడలో చిక్కుకుని ఉన్నవన్నీ ఆ ఒక్కరోజే చేతిలోకి వస్తాయి. పాపం ఆ నింద కుంకుడుకాయ మీద పడుతుంది.

చిట్కాలకు పేరు తెచ్చిపెట్టేది కూడా ఈ మూడు నెలల లెక్కే. టైఫాయిడ్, డెంగీ, కోవిడ్ లాంటి జ్వరం గాని, కాన్పు గాని, గట్టి ఉపవాసాలు గాని ఒంటిని కుదిపేస్తే ఒకేసారి చాలా కుదుళ్ళు విశ్రాంతిలోకి పోతాయి. రెండు మూడు నెలలకు గుప్పెడు గుప్పెడు రాలుతుంది. జ్వరం సంగతి అప్పటికి మరిచిపోయి ఉంటాం. భయపడి మందారాకు నూనె మొదలుపెడతాం. మరికొన్ని నెలలకు కుదుళ్ళు తమంతట తామే మేలుకుంటాయి, రాలడం ఆగుతుంది. ఘనత మందారానికి దక్కుతుంది. మందారాకు సారంతో జుట్టు పెరిగిందని 2003లో వచ్చిన పరిశోధన ఒకటి తరచూ చూపిస్తుంటారు. అది ఎలుకల మీద చేసిందని మాత్రం చెప్పరు. మందారాకులోనూ, మెంతుల్లోనూ ఉండే జిగురు వెంట్రుకమీద పూతలా పట్టి మెత్తగా, జారుగా చేస్తుంది. అది నిజమైన లాభమే. కుదురు దాకా పోదు.

ఉల్లిరసానికి కాస్త గట్టి ఆధారం ఉంది, కానీ వేరే జబ్బుకు. 2002లో బాగ్దాద్ వైద్యులు పేనుకొరుకుడు ఉన్నవాళ్ళ మీద దాన్ని రోజుకు రెండుసార్లు రాయించి చూశారు. ఆరు వారాలకు ఉల్లిరసం రాసిన 23 మందిలో 20 మందికి వెంట్రుకలు వచ్చాయి, మామూలు నీళ్ళు రాసిన 15 మందిలో ఎనిమిది వారాలకు కూడా ఇద్దరికే వచ్చాయి. చిన్న అధ్యయనం. వాసనే పట్టిస్తుంది కాబట్టి ఎవరికి ఏది రాశారో దాచడమూ కుదరదు. పైగా చిన్న మచ్చల పేనుకొరుకుడు చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. పేరు ఎలా వచ్చినా దానికి పేలతో సంబంధం లేదు. శరీర రక్షణ వ్యవస్థ పొరబడి సొంత కుదుళ్ళ మీదే దాడి చేయడం వల్ల వచ్చేది అది. చర్మవైద్యులు కూడా మొండి పేనుకొరుకుడుకు డైఫెన్‌సిప్రోన్ అనే మందు పూసి, కావాలనే కొద్దిపాటి అలర్జీ పుట్టించి ఆ దాడిని దారి మళ్ళిస్తారు. కాబట్టి చురుక్కుమనిపించే రసం రాయాలన్న పాత ఆలోచనలో కొంత పస లేకపోలేదు. కానీ ఆ చురుకు ఎంత ఉండాలన్నది వైద్యుడు వారం వారం కొలిచి ఇస్తాడు. ఇంట్లో కొలత ఉండదు. మగవాళ్ళ నుదురు వెనక్కి జరిగే బట్టతల వీటన్నిటికన్నా వేరు. అది హార్మోను, వంశపారంపర్య వ్యవహారం. ఉల్లిపాయలు దానికోసం ఖర్చు చేయకండి.

పేనుకొరుకుడుకు ఊళ్ళలో చేసే ఇంకో వైద్యం గురించి తప్పకుండా హెచ్చరించాలి. మచ్చను గరుకు గుడ్డతో ఎర్రబడేదాకా రుద్ది, గురివింద గింజను అరగదీసి ఆ గంధం పట్టిస్తారు. గురివింద గింజలో ఉండే అబ్రిన్ అతి ప్రమాదకరమైన విషాల్లో ఒకటి. నమిలి మింగితే ఒక్క గింజ కూడా ప్రాణం తీయగలదు. గీరుకుపోయిన చర్మం మీద అలాంటిదాన్ని రాయడం, అరగదీసిన రాయిని మళ్ళీ వంటింట్లో పెట్టడం, పిల్లలున్న ఇంట్లో ఆ అందమైన ఎర్ర గింజలను డబ్బాలో దాచడం... ప్రకృతి సిద్ధమైనదల్లా మెత్తనిది కాదు.

కుంకుడుతో తలంటుకోవాలనుకుంటే పొడికన్నా కాయలే మేలు. పొడి ఎంత వడకట్టినా నలుసులు జుట్టులో చిక్కుకుంటాయి. భుజాల దాకా ఉన్న జుట్టుకు పది, పన్నెండు కాయల తొక్క సరిపోతుంది. ముందు మోచేతి లోపలివైపు కాస్త రాసి ఒకరోజు చూడండి. దురద, దద్దురు వస్తే మానేయండి. వేడినీళ్ళలో నానాక పిసికి, పలుచటి గుడ్డలో వడకట్టండి. రసం చిక్కగా ఉంటే నీళ్ళు కలపండి. చిక్కదనం పెరిగితే జిడ్డుతోపాటు మాడుకు అవసరమైన తేమ కూడా పోతుంది. నురగ తక్కువైతే కంగారుపడొద్దు, శుభ్రతకు నురగ కొలత కాదు. మిగిలిన రసం నిలవుండదు. అందులోని చక్కెరలు సూక్ష్మజీవులకు విందు; ఒకటి రెండు రోజుల్లో పులిసి కంపు కొడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులే. మాడుమీద పుండ్లు, గీతలు ఉన్నప్పుడు అసలు వాడొద్దు.

మూడు నాలుగు నెలలు గడిచినా రాలడం తగ్గకపోయినా, పాపిట వెడల్పవుతున్నా, గుండ్రంగా మచ్చలు పడుతున్నా, మాడు ఎర్రబడి చీముపట్టినా చర్మవైద్యుడి దగ్గరకు వెళ్ళండి. మన ఆడవాళ్ళలో జుట్టు రాలడానికి రక్తహీనత, థైరాయిడ్ తేడాలు తరచూ కారణమవుతాయి, రెండూ మామూలు రక్తపరీక్షతో తేలిపోతాయి. వెళ్ళినప్పుడు ఇంట్లో ఏమేం రాశారో, ఎన్నాళ్ళు రాశారో దాచకుండా చెప్పండి. డాక్టరుగారికి అది కూడా కావలసిన సమాచారమే.